1947లో రూపాయి, డాలరు సమానమా?

ఏటా ఆగస్టు పదిహేను దగ్గరపడగానే వాట్సాప్‌లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది: "1947లో దేశానికి పైసా అప్పు లేదు, అందుకే రూపాయికి ఒక డాలరు వచ్చేది. తర్వాతి పాలకులు అప్పులు చేసి రూపాయిని దిగజార్చారు. మళ్లీ సమానం చేస్తే మనమే అగ్రరాజ్యం."

ముందు లెక్క చూద్దాం. అప్పట్లో రూపాయిని ముడివేసింది డాలరుతో కాదు, బ్రిటిష్ పౌండుతో. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు కనుక పౌండు విలువ సుమారు 13.33 రూపాయలు. అదే పౌండుకు అమెరికాలో 4.03 డాలర్లు. భాగిస్తే డాలరుకు దాదాపు 3.30 రూపాయలు. 1949లో పౌండు విలువ తగ్గితే మనమూ తగ్గించుకున్నాం, డాలరు 4.76కు చేరింది. 1966 జూన్‌లో 7.50. ఈ వరుసలో సమానమైన రోజు ఎక్కడుందో ఫార్వర్డ్ చేసేవారే చూపాలి.

అప్పు మాటకొస్తే, యుద్ధ ఖర్చుల కింద బ్రిటనే మనకు వంద కోట్ల పౌండ్లకు పైగా బాకీ పడింది. అయినా డాలరు 3.30 దగ్గరే ఉంది.

కరెన్సీ అంకె చిన్నదైతే దేశం గొప్పదా? 1949 నుంచి 1971 వరకు డాలరుకు 360 యెన్లు. జపాన్ శరవేగంగా ఎదిగింది ఆ కాలంలోనే. ఈనాటికీ ఒక యెన్ విలువ మన రూపాయి కన్నా తక్కువే.

సరే, రేపే సమానం చేశారనుకుందాం. భీమవరం రొయ్యలు కిలో 400 రూపాయలైతే అమెరికా వ్యాపారి 400 డాలర్లు పెట్టాలి. అతను మారుమాట లేకుండా ఈక్వెడార్ రొయ్యలు కొంటాడు. డాలస్‌లోని కొడుకు పంపే వెయ్యి డాలర్లు గుంటూరులో తల్లి చేతికి వెయ్యి రూపాయలుగా అందుతాయి. (ఈ సందేశాన్ని ఉత్సాహంగా పంపేవాళ్లలో అలాంటి కొడుకులూ ఉంటారు.) ఇటు రూపాయికే డాలరు దొరుకుతుంటే పెట్రోలు నుంచి ఫోన్ల దాకా అన్నీ దిగుమతి చేసుకోవడానికి అందరూ ఎగబడతారు. డాలరుకు గిరాకీ పెరిగి, సరఫరా పడిపోతుంది. ఆ ధర నిలబెట్టాలంటే రిజర్వ్ బ్యాంకు తన నిల్వలోంచి డాలర్లు అమ్ముతూనే ఉండాలి. ఆ నిల్వలు అడుగంటితే ఏమవుతుందో 1991లో చూశాం: కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే డాలర్లు మిగిలినప్పుడు, దేశం బంగారాన్ని విమానంలో లండన్‌కు పంపి తాకట్టు పెట్టింది.