సవరణ: సాంగ్రీ సర్కారు తుమ్మ కాయ కాదు

రాజస్థాన్‌లోని జైసల్మేర్, బార్మేర్ సరిహద్దు పల్లెల్లో కేర్ (ఎడారి ముళ్లపొదకు కాసే చిన్న కాయ), సాంగ్రీ కలిపి వండే కేర్-సాంగ్రీ కూర గురించిన మా పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

సాంగ్రీ సర్కారు తుమ్మ కాయ అని రాశాం. కాదు, అది ఖేజ్డీ కాయ. ఖేజ్డీ అంటే మన దసరా జమ్మే. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం. గింజ ముదరకముందే లేత కాయలు కోసి, ఉడికించి ఎండబెడతారు. ముదిరితే పీచు, కూరకు పనికిరాదు. చలికాలంలో మేకల మేతకని కొమ్మలన్నీ నరికేస్తే ఆ వేసవి పెద్దగా కాయదు.

పచ్చి కేర్‌ను ఒక్క రాత్రి నానబెడితే చాలన్నాం, అదీ తప్పే. నీళ్లు మారుస్తూ కొన్ని రోజులు ఉప్పునీళ్లలో ఉంచాలి. కాయ పసుపు రంగుకు తిరిగేదాకా చేదు విరగదు. రాత్రి నానబెట్టేది ఎండు కేర్‌ను, అదీ మజ్జిగలో అయితే మేలు.