పొగగొట్టం ఒక్కటే మిగిల్చితే చాలదు

ముంబై లోయర్ పరేల్‌లో పాత ఫీనిక్స్ బట్టల మిల్లు పొగగొట్టాన్ని ఉంచి చుట్టూ మాల్ కట్టడాన్ని వారసత్వ పరిరక్షణ అని మెచ్చుకున్నారు, నేను ఒప్పుకోను. 1991 నిబంధన ప్రకారం ముంబై మిల్లుల భూమిలో మూడో వంతు ఖాళీ స్థలాలకు, మరో మూడో వంతు సామాన్యుల ఇళ్లకు రావాలి. 2001లో దాన్ని ఖాళీగా ఉన్న నేలకే పరిమితం చేశారు, 2006లో సుప్రీంకోర్టు కూడా సరే అంది, దాంతో షెడ్లు కూల్చినా అక్కడి నేల లెక్కలోకి రాలేదు. 1982 మిల్లు కార్మికుల సమ్మెతో రోడ్డున పడ్డ కార్మికుల్లో మన తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. కాలాచౌకీ ఇండియా యునైటెడ్ మిల్లులో తలపెట్టిన వస్త్ర మ్యూజియంలోనైనా మగ్గాలతో పాటు వాళ్ల చాల్ (ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే వరస ఇళ్లు) జీవితం, సమ్మె, తెలుగువాళ్ల మాటలు కూడా రికార్డు చేసి పెట్టాలి. ఆ తరం వాళ్లు ఇంకా కొందరున్నారు, ఇప్పుడే అడగండి.