మనల్ని ఒక్కసారే అడిగారు, పిల్లల్ని ఏటా అడుగుతున్నారు

మొన్నటి ఏప్రిల్‌లో ఇక్కడ అమెరికాలో మాకు బాగా దగ్గరైన ఒక కుటుంబానికి వాళ్ల అమ్మాయి స్కూల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ పిల్ల అప్పుడు పన్నెండో తరగతి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే కోర్సులు, మనవాళ్లు ఏపీ క్లాసులు అంటుంటారే, అవి ఏడు చదివింది. కాలేజీలో సీటు వచ్చింది, డిపాజిట్ కట్టేశారు. గ్రాడ్యుయేషన్ చూడ్డానికి అమ్మమ్మ, తాతయ్య ఇండియా నుంచి రావడానికి టికెట్లు కూడా తీసుకున్నారు. ఆ మెయిల్‌లో ఉన్నది రెండే లైన్లు: హెల్త్ కోర్సులో అర క్రెడిట్ తక్కువ ఉంది, అది పూర్తి చేస్తే తప్ప డిప్లొమా, అంటే హైస్కూల్ పూర్తయిన సర్టిఫికెట్, ఇవ్వలేం.

వాళ్లు రెండేళ్ల కిందట ఇంకో రాష్ట్రం నుంచి మారి వచ్చారు. పాత స్కూల్లో హెల్త్ పాఠాలు పీఈ, అంటే ఆటలు, వ్యాయామాల పీరియడ్‌లోనే కలిపి చెప్పేసేవారట. కొత్త చోట అది విడి కోర్సు. ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, గ్రేడులు ఉండే పత్రం) మీద ఆ ఖాళీ రెండేళ్లుగా కనిపిస్తూనే ఉంది. దాన్ని వాళ్లమ్మా నాన్నా కనీసం పదిసార్లు తెరిచి ఉంటారు, కానీ తెరిచిన ప్రతిసారీ చూసింది జీపీఏ, అంటే గ్రేడుల సగటు, ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో ఒకపక్క ఏపీ పరీక్షలకు చదువుకుంటూ, ఇంకోపక్క రాత్రి పదింటి తర్వాత ఆన్‌లైన్ హెల్త్ కోర్సు చేస్తూ ఆ పిల్ల పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. అప్పటినుంచీ ఈ విషయం రాయాలని నా మనసులో ఉంది.

మన తరం చదువుకున్న పద్ధతిలో ఎంచుకోవడం అన్నది ఒక్కసారే వచ్చేది. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని ఎంపీసీనా, బైపీసీనా అని తేల్చేసేవారు. ఆ తర్వాత సబ్జెక్టులన్నీ ముందే మూటగట్టి చేతికిచ్చినట్టే. ఏ పేపర్ రాయాలో, ఎన్ని రాయాలో బోర్డే చెబుతుంది. 35 మార్కులు దాటితే పాస్. నాకు ఇంకేమైనా తక్కువ పడిందా అన్న అనుమానం మనలో ఎవరికీ రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు.

అమెరికాలో హైస్కూల్ చదివే పిల్లల్ని ఏం చదువుతావన్న ప్రశ్న ఏటా అడుగుతారు. చాలా స్కూళ్లలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే ఏడాదికి కోర్సు సెలక్షన్ ఫారం వస్తుంది. అప్పుడు మన ఇళ్లలో జరిగేది రెండు రకాలుగా ఉంటుంది. ఒక రకం ఇళ్లలో అంతా పిల్లలకే వదిలేస్తారు, అడిగిన చోట సంతకం పెట్టేస్తారు. రెండో రకం ఇళ్లలో వాట్సాప్ గ్రూపులో ఎవరి పిల్లాడు ఎన్ని ఏపీలు తీసుకున్నాడో చూసి, దానికి ఒకటి కలిపి రాస్తారు. రెండు చోట్లా ఎవరూ చదవనిది స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) పెట్టే కోర్సు కేటలాగ్. డిప్లొమాకు ఏం కావాలో మొదటి కొన్ని పేజీల్లోనే రాసి ఉంటుంది.

క్రెడిట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఒక సబ్జెక్టు ఏడాదిపాటు, దాదాపు 120 గంటలు క్లాసులో కూర్చుని చదివితే ఒక యూనిట్ అన్న లెక్క 1906 నాటి కార్నెగీ ఫౌండేషన్‌ది. ఇప్పటికీ స్కూళ్లు నడిచేది ఏదో ఒక రూపంలో ఆ లెక్క మీదే. కానీ దేశమంతటికీ ఒకే గ్రాడ్యుయేషన్ రూల్ లేదు. రాష్ట్రం కొంత చెబుతుంది, దాని మీద డిస్ట్రిక్ట్ ఇంకొంత చేరుస్తుంది. టెక్సస్‌లో కనీసం 22 క్రెడిట్లు, న్యూజెర్సీలో 120. అక్కడ ఐదింతలు ఎక్కువ చదివిస్తారనుకుంటే పొరపాటు. టెక్సస్‌లో ఏడాది కోర్సుకు ఒక క్రెడిట్ ఇస్తే న్యూజెర్సీలో ఐదు ఇస్తారు, అంతే తేడా. ప్రాజెక్టు మారి కుటుంబం మొత్తం రాష్ట్రం మారినప్పుడు ఈ లెక్కల మధ్యే ఆ అర క్రెడిట్ జారిపోయింది.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. డిప్లొమాకు కావాల్సినవీ, కాలేజీకి అప్లై చేయడానికి కావాల్సినవీ ఒకటే అనుకుంటాం. కాలిఫోర్నియా సంగతే చూడండి. రాష్ట్రం చెప్పే కనీస రూల్ ప్రకారం మ్యాథ్స్ రెండేళ్లు చదివితే చాలు. ఆర్ట్స్, విదేశీ భాష, కెరీర్ టెక్నికల్ కోర్సు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఒక్క ఏడాది చాలు. అదే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు అప్లై చేయాలంటే ‘ఏ-జీ’ అనే వేరే లిస్టు ఉంది. అందులో మొత్తం 15 ఏడాది కోర్సులు: హిస్టరీ రెండు, ఇంగ్లిష్ నాలుగు, మ్యాథ్స్ మూడు, సైన్స్ రెండు, ఇంగ్లిష్ కాని భాష రెండేళ్లు, ఆర్ట్స్ ఒకటి, ఎలక్టివ్ (ఇష్టమైనది ఎంచుకునే కోర్సు) ఒకటి. వీటిలో 11 పన్నెండో తరగతికి ముందే అయిపోవాలి. ప్రతిదాంట్లో కనీసం సి గ్రేడు రావాలి. డి గ్రేడు వచ్చిన కోర్సుకు స్కూల్ డిప్లొమా లెక్కలో క్రెడిట్ ఇచ్చినా ఇక్కడ అది చెల్లదు. కొన్ని డిస్ట్రిక్టులు ఈ రెండు లిస్టుల్నీ కలిపేశాయి, మిగతా చోట్ల తేడా అలాగే ఉంది. గౌను వేసుకుని, స్టేజి ఎక్కి డిప్లొమా అందుకున్న పిల్లాడు తన సొంత రాష్ట్రం యూనివర్సిటీకి అప్లై చేసే అర్హత కూడా లేకుండా ఉండొచ్చన్నమాట.

టెక్సస్‌లో ఇది ఇంకోలా ఉంటుంది. 2013లో చేసిన చట్టంతో అక్కడ 22 క్రెడిట్ల పునాది ప్రోగ్రామ్ వచ్చింది. దాని మీద ఎండార్స్‌మెంట్ అనే ఒక దారి ఎంచుకుంటే 26. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ అని అలాంటివి ఐదు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే పిల్లలు ఇందులో ఒకటి రాసివ్వాలి. మనవాళ్లు కళ్లు మూసుకుని స్టెమ్ అని రాసేస్తారు, అందులో తప్పేం లేదు, తర్వాత మార్చుకోవచ్చు కూడా. చూసుకోవాల్సింది దాని పైమెట్టు, డిస్టింగ్విష్డ్ లెవెల్ అనేది. దానికి ఎండార్స్‌మెంట్‌తో పాటు మ్యాథ్స్ నాలుగు, సైన్స్ నాలుగు కావాలి, మ్యాథ్స్‌లో ఆల్జీబ్రా టూ ఉండితీరాలి. క్లాస్ ర్యాంక్‌ను బట్టి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా అడ్మిషన్ ఇచ్చే 1997 నాటి చట్టం వర్తించాలన్నా ఆ మెట్టు ఎక్కి ఉండాలి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్‌లో 2026 నుంచి క్లాసులో టాప్ 5 శాతానికే ఆ అవకాశం. అది కూడా యూనివర్సిటీలోకి ప్రవేశమే. కంప్యూటర్ సైన్స్ సీటు దానంతటదే రాదు.

ఇక్కడ మన ఇళ్లకు బాగా తగిలే ఒక చిన్న సంగతి చెప్పాలి. టెక్సస్‌లో విదేశీ భాషకు రెండు క్రెడిట్లు కావాలి, దాని బదులు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తీసుకునే వీలుంది. ఇది వినగానే చాలామంది నాన్నలకు ప్రాణం లేచొస్తుంది. స్పానిష్ గొడవ వదిలిపోయింది, కోడింగూ వచ్చేస్తుంది అని. డిప్లొమా వరకు నిజంగానే సరిపోతుంది. కానీ అదే పిల్లాడు పన్నెండో తరగతిలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు అప్లై చేద్దామనుకుంటే, అక్కడ ప్రోగ్రామింగ్‌ను భాష కింద లెక్కించరు. రెండేళ్ల భాష అప్పటికప్పుడు ఎక్కడినుంచి తెస్తాడు?

భాష మాట వచ్చింది కాబట్టి, మన తెలుగు కూడా ఈ లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు. ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి చదువుకు కొన్ని డిస్ట్రిక్టులు విదేశీ భాష క్రెడిట్ ఇస్తున్నాయి. రెండు భాషలు బాగా వచ్చిన పిల్లల డిప్లొమా మీద వేసే ‘సీల్ ఆఫ్ బైలిటరసీ’ ముద్రకు 2011లో కాలిఫోర్నియా మొదటిసారి చట్టం చేసింది, తర్వాత మిగతా రాష్ట్రాలు అందుకున్నాయి. తెలుగులో రాయగలిగే ప్రామాణిక పరీక్షలూ ఉన్నాయి. మీ డిస్ట్రిక్ట్ ఏది ఒప్పుకుంటుందో తొమ్మిదో తరగతి మొదట్లోనే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకుని దాచుకోండి. ఆదివారాలు పిల్లల్ని బతిమాలి తెలుగు క్లాసుకు తీసుకెళ్లే తల్లిదండ్రులు ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం నాకు బాధనిపిస్తుంది.

మ్యాథ్స్ విషయంలో మాత్రం మనవాళ్లకు తొందర ఎక్కువ. ఇక్కడ ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీ కాలిక్యులస్, కాలిక్యులస్ అని ఒకదాని వెనక ఒకటి మెట్లలా ఉంటాయి. పన్నెండో తరగతికల్లా కాలిక్యులస్‌కు చేరాలంటే ఆల్జీబ్రా వన్ ఎనిమిదిలో మొదలుపెడితే సరిపోతుంది. ఏడులోనే పెట్టించాలని, వేసవిలో జామెట్రీ ఆన్‌లైన్‌లో కానిచ్చేసి ఇంకో మెట్టు దూకించాలని ఊళ్లో పోటీ. నేను పిల్లలకు శని, ఆదివారాలు మ్యాథ్స్ చెబుతుంటాను. కాలిక్యులస్‌లో ఇబ్బంది పడి వచ్చే పిల్లల్లో చాలామందికి అసలు కష్టం కాలిక్యులస్‌లో ఉండదు. డెరివేటివ్ సరిగ్గానే తీస్తారు, తర్వాత భిన్నంలో ఉన్న ఆల్జీబ్రా సింప్లిఫై చేయలేక ఆగిపోతారు. ఎనిమిది వారాల్లో పరుగెత్తించిన వేసవి కోర్సు ఎక్కడ అరగలేదో ఆ లైన్ దగ్గర తెలిసిపోతుంది. పునాది గట్టిగా ఉన్న పిల్లాడు ముందుకు వెళ్తానంటే వెళ్లనివ్వాల్సిందే. పక్కింటి వాళ్ల కోసం దూకించడం మాత్రం ఆ పిల్లాడికి చేసే అన్యాయం.

ఏపీల సంఖ్య విషయంలోనూ నా మాట ఇదే. కష్టమైన కోర్సులు తీసుకున్నారా అని కాలేజీలు చూస్తాయి, నిజమే. కానీ ఆ స్కూల్లో ఏవి దొరుకుతాయో, దొరికిన వాటిలో ఏం తీసుకున్నారో చూస్తాయి. ఇంజనీరింగ్ అంటున్న పిల్లాడు ఫిజిక్స్ వదిలేసి, సులువని పేరున్న మూడు ఏపీలు పోగేసుకుంటే లెక్క పెరుగుతుంది, కాలేజీ మొదటి సెమిస్టర్‌లో ఫిజిక్స్ పుస్తకం తెరిచినప్పుడు ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. మా వాడు పదో తరగతి ఫారం తెచ్చినప్పుడు డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆరో లైన్లో వాడు ఆర్కెస్ట్రా అని రాసుకున్నాడు. ఆరో తరగతి నుంచీ వయోలిన్ వాయిస్తున్నాడు. వాళ్ల స్కూల్లో ఏపీ కోర్సులో ఏ గ్రేడు వస్తే వెయిటెడ్ జీపీఏలో (కష్టమైన కోర్సులకు ఎక్కువ పాయింట్లిచ్చే లెక్కలో) ఐదు పాయింట్లు, ఆర్కెస్ట్రాలో అదే ఏ గ్రేడు వచ్చినా నాలుగే. అంటే ఆ క్లాసులో ఎంత బాగా వాయించినా ర్యాంక్ కిందికే లాగుతుంది. నేను లెక్కగట్టి చూపించి, దాన్ని కొట్టేసి పైన ఇంకో ఏపీ పేరు రాశాను. వాడు వాదించలేదు. కాసేపు ఆ కాగితం వైపే చూసి, “నాన్నా, రోజు మొత్తంలో నేను మాట్లాడకుండా, టెన్షన్ లేకుండా ఉండే పీరియడ్ అదొక్కటే” అన్నాడు.

ఆ రాత్రి నేను కేటలాగ్ మొత్తం మొదటిసారి చదివాను. ఒక పాత నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గళ్లు గీసి, డిప్లొమాకు కావాల్సినవి ఒక రంగుతో, వాడు అనుకుంటున్న కాలేజీలు అడిగేవి ఇంకో రంగుతో రాశాను. పీఈలో అర క్రెడిట్ ఇంకా మిగిలి ఉందని అప్పుడే తెలిసింది. కోర్సుల విషయంలో పిల్లలకు సలహా ఇచ్చే స్కూల్ కౌన్సిలర్‌కు రాసి అపాయింట్‌మెంట్ తీసుకుని, ఈ పేజీ చూపించి, “ఇందులో ఏమైనా తక్కువ ఉందా?” అని అడిగాను. ఒక్కో కౌన్సిలర్‌కు 250 మంది పిల్లలకు మించకూడదని స్కూల్ కౌన్సిలర్ల సంఘం సూచిస్తుంది, చాలా చోట్ల అంతకంటే ఎక్కువమందే ఉంటారు. వాళ్లంతట వాళ్లే మన పిల్లాడి ఫైల్ తీసి చూస్తారని ఎదురుచూడలేం. ఆవిడ మాత్రం ఇరవై నిమిషాలు ఓపిగ్గా చూశారు. పీఈ వేసవిలో పెట్టుకోవచ్చని చెప్పారు. అది వేసవికి జరిపితే పదో తరగతిలో ఒక పీరియడ్ ఖాళీ అయింది.

ఇంటికొచ్చి నేను కొట్టేసిన లైన్ కింద ఆర్కెస్ట్రా అని మళ్లీ నా చేత్తోనే రాశాను. ఫారం మీద తల్లిదండ్రుల సంతకానికి పైన విద్యార్థి సంతకానికి ఒక గీత ఉంటుంది. వాడు పైనుంచి కింది దాకా ఒకసారి చదువుకుని, అక్కడ సంతకం పెట్టి, కాగితం నా వైపు జరిపాడు.