అంబుజమ్మగారి పదహారేళ్ళు

"అంబుజం! చిన్నోడికి పూనకం వచ్చిందే."

"పన్నెండేళ్ళవాడికి పూనకమేంటండీ. హోంవర్క్ ఎగ్గొట్టడానికయ్యుంటుంది."

"కాదే. వసారాలో గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని 'ఒక అంబ పదహారేండ్లు రాజ్యమేలును' అంటున్నాడు. నా ఒళ్ళు జలదరించింది."

"నన్నడిగితే తక్కువే చెప్పాడు."

"తక్కువా! నాకిప్పుడు డెబ్భై ఒకటి. పదహారు కలిపితే ఎనభై ఏడు. అప్పటిదాకా ఉప్పు కూడా నిన్నడిగే వేసుకోవాలన్నమాట!"

"బీపీ మాత్రలు మింగేది మీరా, నేనా?"

(పక్కింటి గోడ పొట్టిది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అంబుజమ్మగారి చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.)

"అసలా మాట ఇందిరమ్మ గురించి బ్రహ్మంగారు చెప్పిందే అంటారు. 1966 నుంచి 77 దాకా పదకొండు, మళ్ళీ 80 నుంచి 84 దాకా దగ్గర దగ్గర ఐదు. చెల్లుకు చెల్లు. కోటా అయిపోయింది."

"అది ఢిల్లీ కోటా. మైదుకూరుది ఇప్పుడు మొదలు."

"ఆడవాళ్ళ పెత్తనంలో నలిగి నలిగి పిల్లాడిలా అయిపోయాడు."

"బ్రహ్మంగారు మాత్రం? బనగానపల్లెలో అచ్చమ్మగారింట ఆవులు కాస్తూ, రవ్వలకొండలో కూర్చుని కాలజ్ఞానం రాశారు. పైన ఓ ఆడమనిషి అజమాయిషీ ఉంటేనే మగాడి పని తెములుతుంది."

"ఆయన గీత గీస్తే ఆవులు దాటలేదు. నేను గీసిన గీత ఈ ఇంట్లో దాటనిదెవరు? నువ్వా, కోడలా, మీ అక్కా?"

"మీరెప్పుడు గీశారు?"

"మనసులో గీసుకున్నానే."

"మనసులో గీస్తే ఆవులైనా ఆగవు."

"ఆయన రాసిన ఆకులు అచ్చమ్మగారింట్లో చింతచెట్టు కింద పాతారట. మన దగ్గరున్నది కరివేపాకు మొక్క. వీడు చెప్పేవి ఎక్కడ పాతేది?"

"బీరువా వెనకాల, మీ పాసుపుస్తకం పక్కన."

"అది నీకెలా తెలుసు!"

"రాజ్యమేలేవాళ్ళకి వేగులుండరా?"

"లాభం లేదు. రేపే మఠానికెళ్ళి దణ్ణం పెట్టుకొద్దాం, పద."

"వెళ్దాం. నాకు బస్సు ఉచితం. మీరు టికెట్టు కొనుక్కోండి."

"చూశావా! అప్పుడే మొదలైంది!"

ఇంతలో లోపల్నుంచి చిన్నోడు: "తాతా, కాస్త మెల్లగా! రేపు స్కూల్లో నాటకం, నాకింకా డైలాగులు రాలేదు."

"నాటకమా? అంబుజం, నీకు ముందే తెలుసు!"

"వారం నుంచీ తెలుసు."

"మరి చెప్పవే!"

"ఎనభై ఏడు దాకా ఉంటానని మీరే లెక్క కట్టారు. వినడానికి బాగుంది కదా అని ఊరుకున్నా."

"...సరేలే. వాడికి వేషం ఎలా మరి?"

"మీ పట్టుపంచె ఇచ్చాను."

"అంత పొడుగుది వాడికెలా సరిపోతుందే?"

"అందుకే సగానికి కత్తిరించా. మిగతా సగం మీకే ఉంచాను లెండి."