ఆ వాట్సాప్ మెసేజ్‌లో రాయని అప్పు

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మొదలై, రిటైరైన వాళ్ళ గ్రూపు, బంధువుల గ్రూపు అన్నీ తిరిగి ఒకే మెసేజ్ నెల రోజుల్లో నాకు ఐదుసార్లు వచ్చింది. అందులో ఉన్నదేమిటంటే: ఇక్కడ సీటు రాని వాళ్ళే ఫారిన్ పోతారు. అదంతా డబ్బున్న వాళ్ళ పిల్లల షోకు. చదువు వట్టి సాకు, డాలర్లే లెక్క. అక్కడికి పోయి అంట్లు తోముతారు. పోయినవాళ్ళు తిరిగి రారు, అమ్మానాన్నలను గాలికొదిలేస్తారు. చివర మామూలే, పది మందికి పంపమని.

నేను మొదట చిత్తూరులో, తర్వాత తిరుపతిలో ఒక బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసి రిటైరయ్యాను. వీసా ఆఫీసరుకు చెప్పే కారణం ఒకటి, పెళ్ళిలో బంధువులకు చెప్పే కారణం ఇంకొకటి. లోన్ టేబుల్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం పిల్లలూ పెద్దలూ కాస్త నిజానికి దగ్గరగా మాట్లాడతారు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

సీటు రాని వాళ్ళన్న మాట ముందు చూద్దాం. 2023-24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. వాళ్ళలో అక్కడ డిగ్రీ మొదటి నుంచి చదువుతున్నది సుమారు 36 వేల మందే. దాదాపు 1.97 లక్షల మంది ఎంఎస్‌లోనో పీహెచ్‌డీలోనో ఉన్నారు. మరో 97 వేల మంది చదువు ముగించి, ఓపీటీ (చదువయ్యాక అక్కడే కొంతకాలం పని చేసుకునే పర్మిషన్) మీద ఉన్నవాళ్ళు. అంటే ఎక్కువ మంది ఇక్కడ సీటు తెచ్చుకుని, బీటెక్ లాంటి డిగ్రీ ముగించి పోయినవాళ్ళే. సీటు రాలేదంటే ఎలా?

ఎంబీబీఎస్ సంగతి వేరు. అక్కడ ఆ మెసేజ్‌లో సగం నిజముంది. నీట్‌లో ప్రభుత్వ సీటు అందక, ప్రైవేటు ఫీజు కట్టలేక జార్జియాకో రష్యాకో పోయేవాళ్ళు చాలామంది. అయితే తిరిగొచ్చాక వాళ్ళు రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ అనే లైసెన్సు పరీక్షలో 300కి 150 మార్కులు రాకపోతే ఇక్కడ ప్రాక్టీసు లేదు. 2021 నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలు, ఇంగ్లీషు మీడియం, దానిపైన ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి. దొడ్డిదారి అనుకునేవాళ్ళు ఆ దారిలో ఒకసారి నడిచి చూడాలి.

డబ్బున్న వాళ్ళ షోకు అన్నదానికి నా టేబులే సాక్షి. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షలు దాటితే ఆస్తి పెట్టాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తోటలున్న రైతులు చాలామంది. "సార్, తోతాపురి తోట మూడెకరాలుంది, రాసుకోండి" అనేవాళ్ళు. వ్యవసాయ భూమిని సర్ఫేసీ చట్టం (బాకీ పడితే కోర్టుకు పోకుండానే ఆస్తి తీసుకునే చట్టం) కింద బ్యాంకు స్వాధీనం చేసుకోలేదు కాబట్టి పెద్ద లోనుకు దాన్ని తీసుకోవడానికి మేం జంకేవాళ్ళం. తోట వద్దు, ఇల్లుంటే తెండి అని చెప్పడం నా ఉద్యోగంలో నాకు బొత్తిగా నచ్చని పని. తిరుపతిలో రెండు గదుల డాబా ఉన్న గుమస్తాకు లోను వచ్చేది. పలమనేరు దగ్గర పదెకరాలున్న ఆసామి బావమరిది ఇంటి కాగితాల కోసం బతిమాలుకునేవాడు. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్... ఇవన్నీ తిరిగేసరికి ఐ-20 (యూనివర్సిటీ పంపే అడ్మిషన్ కాగితం) మీద ఉన్న తేదీ దగ్గరపడేది. అప్పుడు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు దగ్గరికి పోయేవాళ్ళు. నిజంగా డబ్బున్నవాళ్ళు మా బ్రాంచి మెట్లు ఎక్కలేదు, వాళ్ళకు మాతో పని లేదు.

ఇక అసలు మాట, డాలర్లే లెక్క అన్నది. ఎందుకు పోతున్నావని నేను అడిగినప్పుడు విన్న జవాబులు అన్నీ ఒకలా లేవు. బ్యాచ్ మొత్తం పోతోందని ఒకడు. ఇక్కడి కాలేజీలో ల్యాబ్ తాళం తీసిందే ప్రాక్టికల్ పరీక్షల రోజు అని ఇంకొకడు. ఒకమ్మాయి వాళ్ళ నాన్న ఫోన్ మాట్లాడటానికి బయటికి పోగానే మెల్లగా అంది: "రెండేళ్ళు పెళ్ళి మాట ఎత్తరు సార్." డబ్బు కోసం అన్నవాళ్ళూ ఉన్నారు, అందులో నాకు తప్పేమీ కనపడలేదు. పెట్టుబడి పెట్టి పంట గురించి ఆలోచించని రైతు ఉంటాడా?

కానీ లెక్క చూడండి. 40 లక్షల లోను, 10 శాతం వడ్డీ అనుకుందాం. రెండేళ్ళ కోర్సు, దానిపైన కట్టడం మొదలుపెట్టడానికి ఏడాది గడువు. మొత్తం ముందే తీసుకుంటే ఈ మూడేళ్ళకు బారువడ్డీయే 12 లక్షలు. 52 లక్షలను పన్నెండేళ్ళలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు సుమారు 62 వేలు. ఏడాదికి మూడున్నర లక్షల ప్యాకేజీ వచ్చే ఫ్రెషరుకు నెల జీతం అందులో సగం కూడా ఉండదు. ల్యాబ్ కోసం పోయినవాడైనా, పెళ్ళి తప్పించుకోవడానికి పోయిన అమ్మాయైనా, చదువైపోయిన రోజున డాలర్లలో జీతం వెతుక్కోవాల్సిందే. పోయేటప్పుడు ఎన్ని కారణాలున్నా పోయాక అప్పు వాటన్నిటినీ ఒక్కటి చేసేస్తుంది. దాన్ని ఆశ అంటున్నారు మనవాళ్ళు. నేను బాకీ అంటాను.

అంట్లు తోమడం గురించి రెండు ముక్కలు. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. లైబ్రరీ, డైనింగ్ హాలు, ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంటు, ఏదైనా కావచ్చు. బయట పెట్రోలు బంకుల్లో పర్మిషన్ లేకుండా చేయడం తప్పే, కొందరు చేస్తున్నారు, దొరికితే వీసా పోతుంది. ఇక సిగ్గు విషయం. కొండమీద అన్నప్రసాదం దగ్గర ఊడిస్తే శ్రీవారి సేవ అని ఫోటో పెట్టుకుంటాం. యూనివర్సిటీ కిచెన్‌లో ప్లేట్లు కడిగితే పరువు పోయిందంటాం. (ఈ మెసేజ్ నాకు పంపిన ఒకాయన ప్రొఫైల్ ఫోటో అలాంటిదే.)

నిజంగా భయపడాల్సినది మెసేజ్‌లో లేనే లేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని వీసా మోసాల కేసులో మూసేసినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్ళకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ అని అక్కడి అధికారులే వలగా పెట్టిన బూటకపు యూనివర్సిటీలో చేరి 129 మంది భారతీయులు అరెస్టయ్యారు, చాలామంది తెలుగువాళ్ళు. కాలేజీ పేరు, క్లాసులు జరుగుతాయా లేదా అన్నది కన్సల్టెన్సీ మాట మీద కాకుండా సొంతంగా చూసుకోవాలని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

తిరిగి రారన్నది చివరి మాట. ఇక్కడ ఒక తమాషా ఉంది. చెన్నై కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకు నిలబడ్డ పిల్లాణ్ణి అమెరికా చట్టం మొదట అనుమానించేదే ఈ విషయంలో: వీడు తిరిగి పోడేమో అని. పోతానని వాడే నమ్మించాలి, లేదంటే 214(బి) అనే సెక్షన్ కింద రిజెక్ట్. తర్వాత ఉండటం కూడా వాడి చేతుల్లో లేదు. ఓపీటీ ఏడాది, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి కోర్సులకైతే మరో 24 నెలలు. మొదటి ఏడాది ఓపీటీలో 90 రోజులు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఎచ్‌1బీలు (అక్కడ ఉద్యోగం చేసుకునే వీసాలు) ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు అదనంగా 20 వేలు, అవీ లాటరీలో. వదిలేసి పోయారని మనం తిట్టే పిల్లల్లో ఎంతోమంది అక్కడ ఉండటానికి, ఆ లాటరీ తీసే మార్చి నెలలో దేవుడికి మొక్కుకుంటూ కూర్చున్నవాళ్ళు.

అమ్మానాన్నల ఒంటరితనం అబద్ధమని నేననను. మా ఫ్లోరులోనే మూడిళ్ళు అలా ఉన్నాయి. కానీ మా బ్రాంచిలో లోను తీసుకున్న ఒకబ్బాయి లాటరీ మూడుసార్లూ తగలక వచ్చేశాడు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. జీతంలో పెద్ద భాగం ఈఎంఐకే పోతోంది. ఊళ్ళో వాళ్ళు అతన్ని "అమెరికాలో నిలబడలేకపోయాడు" అంటారట. పోతే వదిలేశాడు, వస్తే ఓడిపోయాడు. మొన్న బ్యాంకు దగ్గర కనపడ్డాడు. ఇంకా ఎన్ని నెలలు కడితే నాన్న ఇంటి కాగితాలు చేతికొస్తాయో కనుక్కోవడానికి వచ్చాడట.