గ్యాస్ ఓడకు 36 గంటలు ఎందుకు? ఆ మెసేజ్‌కు నా జవాబు

“ఎల్‌ఎన్‌జీ ఓడ ఖాళీ చేయడానికి 14 గంటలు చాలు, కాంట్రాక్టులో మాత్రం 36 గంటలు రాసుకుంటారు. ఓడ లంగరు వేసిన నిమిషం నుంచి మీటరు తిరుగుతుంది, గ్యాస్ దిగగానే ఆగుతుంది. లేటైతే తప్పెవరిదైనా టెర్మినలే ఫైన్ కట్టాలి, అది మన బిల్లులో పడుతుంది. అంతా జెట్టీ సిబ్బంది బద్ధకం.” వారం రోజులుగా మా గ్రూపులన్నింటిలో ఈ మెసేజ్ తిరుగుతోంది. ఎల్‌ఎన్‌జీ అంటే బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు. ఓడల నుంచి దాన్ని దించుకునే పడమటి తీరంలోని ఒక టెర్మినల్లో కొన్నేళ్లు ఓడల టైమ్‌షీట్లు రాసినవాణ్ని. ఆ చివరి మాట చదివి మనసు కష్టమైంది.

ముందు ఆ 14 గంటల సంగతి. లెక్క తప్పు కాదు. 1,40,000 ఘనపు మీటర్ల సరుకు, గంటకు 10,000 చొప్పున తోడితే 14 గంటలే. కానీ అది పంపులు పూర్తి వేగంతో నడిచే సమయం మాత్రమే. అంతకుముందు అన్‌లోడింగ్ ఆర్ములు, అంటే ఓడను జెట్టీ పైపులకు కలిపే కదిలే గొట్టాలు, బిగించాలి. ఓడవాళ్లూ టెర్మినల్‌వాళ్లూ కలిసి సేఫ్టీ చెక్‌లిస్టు చూసుకోవాలి. ట్యాంకుల్లో సరుకు కొలిచి సంతకాలు పెట్టాలి. ఎమర్జెన్సీ వాల్వులు మూసుకుంటున్నాయో లేదో పరీక్షించాలి. ఆ తర్వాత కూల్‌డౌన్, అంటే పైపులను మెల్లగా చల్లబరచడం. మైనస్ 162 డిగ్రీల ద్రవాన్ని ఎండకు కాగిన పైపులోకి ఒక్కసారిగా వదిలితే లోహం ముడుచుకుని జాయింట్లు లీకవుతాయి. అందుకే సన్నటి ధారగా మొదలుపెడతారు. చూస్తుండగానే గాలిలోని తేమ గడ్డకట్టి, ఆర్ము పొడవునా తెల్లటి మంచు పాకుతుంది. ఉష్ణోగ్రత చాలినంత దిగేదాకా ఎవరూ వేగం పెంచరు. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ, ఆగాల్సిందే. దీన్ని బద్ధకం అంటే ఎలా?

36 అనేది చట్టమేమీ కాదు, చాలా కాంట్రాక్టుల్లో మామూలుగా కనిపించే అంకె. క్యూ-మ్యాక్స్ అనే ఖతార్ భారీ ఎల్‌ఎన్‌జీ ఓడల్లో 2,66,000 ఘనపు మీటర్ల దాకా పడుతుంది. పై వేగంతో తోడడానికే 26 గంటలు దాటుతుంది. అందుకే పెద్ద ఓడలకు గంటలు పెంచి రాసుకుంటారు.

ఇక గడియారం. లంగరుతో దానికి సంబంధమే లేదు. ఓడ సిద్ధంగా ఉందని కెప్టెన్ నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇస్తాడు. అది ఇచ్చిన 6 గంటలకు, లేదా ఓడను జెట్టీకి కట్టడం పూర్తయినప్పుడు, ఏది ముందైతే అప్పటి నుంచి లెక్క మొదలవుతుందని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. చెప్పిన రోజుకన్నా ముందే వచ్చిన ఓడ నోటీసు ఇచ్చినా, మామూలుగా దానికి కేటాయించిన సమయం వచ్చేదాకా లెక్క పడదు. ఆగేది కూడా పంపులు ఆగినప్పుడు కాదు. ఆర్ముల్లో మిగిలిన ద్రవాన్ని దించి, నైట్రోజన్‌తో శుభ్రం చేసి, వాటిని విప్పినప్పుడు.

“తప్పెవరిదైనా టెర్మినలే కట్టాలి” అన్నది మెసేజ్ మొత్తంలో పెద్ద అబద్ధం. ఓడ పంపు చెడినా, ఓడ కాగితాలు సరిగా లేకపోయినా, సముద్రం బాగోక పని ఆగినా, రాత్రిపూట ఓడలు కదలకూడదని పోర్టు అన్నా, ఆ మేరకు గడువు పెరిగేలా కాంట్రాక్టులు రాసుకుంటారు. వాతావరణం మాట ఊరికే రాయలేదు. మహారాష్ట్రలోని దాభోల్‌లో అలలను అడ్డుకునే గోడ (బ్రేక్‌వాటర్) పూర్తికాక, టెర్మినల్ ఏళ్ల తరబడి వానాకాలంలో ఓడలను తీసుకోలేకపోయింది.

ఈ మినహాయింపులన్నీ పోగా ఇంకా గంటలు మించితేనే డెమరేజ్, అంటే మెసేజ్ చెప్పిన ఆ ఆలస్యపు ఫైన్. సరుకు జెట్టీ దగ్గర అప్పగించే ఒప్పందమైతే కొన్నవాళ్లు అమ్మినవాళ్లకు కడతారు. ఆలస్యంలో ఆవిరైపోయిన గ్యాస్‌కు కూడా చాలాసార్లు పరిహారం ఉంటుంది. లోడింగ్ పోర్టులోనే సరుకు అప్పగిస్తే, అక్కడి ఆలస్యానికి కట్టేది అమ్మినవాళ్లు. 36 గంటల్లోపు ముగిస్తే డెమరేజే లేదు, బిల్లులో పడేదేమిటి?

మా టైమ్‌షీట్లో ఒక వరుస ఇలా ఉండేది: “02:40 నుంచి 05:10 వరకు ఓడ పంపు ఆగింది.” కింద కెప్టెన్ సంతకం, పక్కన మాది. ఆ రెండున్నర గంటలు టెర్మినల్ లెక్కలోకి రాలేదు.