పాస్‌వర్డ్ మార్చుకోమనే సలహా ఎవరిని కాపాడడానికి?

రౌటర్లలో కమాండ్ ఇంజెక్షన్ లోపం, అంటే బయటివాడు చొప్పించిన ఆదేశాన్ని పెట్టె గుడ్డిగా అమలు చేసే లోపం, బయటపడిన ప్రతిసారీ వినిపించే సలహా ఒక్కటే: పాస్‌వర్డ్ మార్చుకోండి, ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోండి. ఒడిశా సరిహద్దున తెలుగువారున్న పర్లాకిమిడిలోనో బరంపురంలోనో కేబుల్ ఆపరేటర్ గోడకు బిగించి వెళ్లిన రౌటర్ పెట్టె విషయంలో ఇది దాదాపు ఎగతాళి. ఇలాంటి కనెక్షన్లలో చాలావాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఆపరేటర్ దగ్గరే ఉంటుంది. చందాదారుకు దక్కేవి వైఫై పాస్‌వర్డు, నెలనెలా బిల్లు.

ఈ లోపం ఎలా పుడుతుందో చూస్తే తప్పెవరిదో తెలిసిపోతుంది. రౌటర్ సెట్టింగులలో పింగ్ పరీక్షకు, అంటే ఒక ఇంటర్నెట్ చిరునామా పలుకుతోందో లేదో చూడడానికి, ఒక గడి ఉంటుంది. అందులో చిరునామా ఇస్తే, నాసిరకం ప్రోగ్రాం దాన్ని పరిశీలించకుండానే పింగ్ ఆదేశం పక్కన అతికించి, రాసిన ఆదేశాలను నడిపే లినక్స్ షెల్‌కు అప్పగిస్తుంది. షెల్ లెక్కలో సెమికోలన్ పడిందంటే ఒక ఆదేశం ముగిసి మరొకటి మొదలైనట్టే. చిరునామా తర్వాత సెమికోలన్ పెట్టి ఏది రాసినా నడుస్తుంది, అదీ సర్వాధికారాలున్న రూట్ హోదాలో. గడిలోకి వచ్చింది చిరునామాయేనా అని చూడటం, షెల్ జోలికి పోకుండా ప్రోగ్రామును నేరుగా పిలవడం దశాబ్దాలుగా తెలిసిన జాగ్రత్తలే. అయినా 2018లో దాసన్ కంపెనీ జీపాన్ (ఫైబర్ ఇంటర్నెట్) రౌటర్లలో దొరికింది సరిగ్గా ఈ పింగ్ గడి లోపమే. లాగిన్‌ను దాటేసే మరో లోపం తోడవడంతో దుండగులకు పాస్‌వర్డుతో పనే లేకపోయింది. 2023లో టీపీ-లింక్ కంపెనీ ఆర్చర్ ఏఎక్స్21 రౌటర్ వంతు వచ్చింది. ఈసారి దారి ఇచ్చింది దేశం ఎంచుకునే సెట్టింగు, అక్కడా లాగిన్ అక్కర్లేదు. కంపెనీ మార్చిలో లోపాన్ని సరిదిద్దే సవరణ ఇచ్చింది, ఏప్రిల్‌కల్లా మిరాయ్ దిగింది; ఇళ్లలోని పరికరాలను లోబరచుకుని వాటితో దాడులు చేయించే హానికర ప్రోగ్రాం అది. సవరణ అందని ఇంట్లో ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఒరిగేదేమిటి?

2016లో వెబ్‌సైట్ల పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చిపెట్టే డిన్ సంస్థపై దాడి జరిగినప్పుడు మిరాయ్ వాడుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డులనే కాబట్టి, ఆనాడు ఆ సలహాకు అర్థముంది. వెయ్యి, పదిహేను వందల రూపాయల పెట్టెకు ఏళ్ల తరబడి సవరణలు ఇవ్వడం గిట్టుబాటు కాదన్న వాదన కూడా ఉంది. కావచ్చు. ఎన్నాళ్లు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పడానికి ఏం ఖర్చవుతుంది? బ్రిటన్ చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి కంపెనీల చేత ఆ మాట చెప్పిస్తోంది.

సరిహద్దు తెలుగువారికి జవాబుదారీ దొరకకపోవడం రౌటర్లతో మొదలైన సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. ఆ తర్వాత ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా. ఇప్పుడు వీటికి తోడు రౌటర్ సెట్టింగుల పేజీ, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చే హెచ్చరికలు ఇంగ్లీషులో. గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారాయన. వందేళ్లు గడిచాక అదే ఊళ్లో, తన ఇంటి పెట్టె పరాయి చేతుల్లోకి పోయిందని తెలుగు గృహిణికి ఆమె భాషలో చెప్పే నాథుడు లేడు. తెలుగు భాషా దినోత్సవాన ఆయన విగ్రహాలకు దండలు వేసేవారిలో ఎందరికి ఇది భాషా సమస్యగా తోచింది?

ఆపరేటర్ ఇచ్చే రసీదు మీద రౌటర్ మోడల్, సవరణలు ఆగిపోయే తేదీ ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు వేయించాలి. ఆ తేదీ దాటిన పెట్టెను మార్చే ఖర్చు ఆపరేటర్, తయారీదారు పంచుకోవాలి. ఇంత చిన్న షరతు పెట్టడానికి టెలికాం శాఖకు కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు.